సందుగ బొమ్మ

మా అత్తమ్మకు అక్షరాలు రావు. బొమ్మ మాత్రం ఒక్కసారి చూస్తే మర్చిపోదు. అందుకే నా డిగ్రీ నాటి పాత కంప్యూటర్‌ను ఎల్లారెడ్డిలోని అత్తగారింటికి తెచ్చుకున్నాక, తెర మీది ఐకాన్లన్నీ ఆమె కోసం మార్చాను. భజన పాటలకు చిడతలు. దుబాయిలో ఉన్న పెద్దకొడుకు, అంటే నా భర్త, ఫోటోలకు విమానం. నా కూతురి ఫోల్డర్‌కు ఎర్ర గౌను. పత్తాలాట ఆడీ ఆడీ ఆమెకు మౌస్‌తో ముక్కను పట్టి లాగడం కూడా బాగా వచ్చింది.

పోయిన దసరాకు కంప్యూటర్‌కు పసుపు కుంకుమలు పెడుతూ ఆమె చెయ్యి ఆగింది. తెర పైమూలన చెత్తబుట్ట బొమ్మ ఉంది.

“బొట్టు పెట్టే కాడ చెత్తబుట్ట ఏందిరా? నెత్తిమీద పెట్టుకున్నట్టు! తియ్యి.”

“అది తీస్తే కంప్యూటర్ నడువదే అమ్మా,” అన్నాడు మరిది. అది అబద్ధం. తీసెయ్యవచ్చు. డిగ్రీ అయ్యి ఇంట్లో ఉంటున్న అతనికి అదొక ఆట. ఎక్కడినుంచో, విలువైనవి దాచుకునే ఇనుప పెట్టె, అదే సందుగ, బొమ్మలు రెండు తెచ్చి చెత్తబుట్ట స్థానంలో పెట్టాడు. ఖాళీగా ఉంటే మూత తెరిచిన సందుగ, లోపల ఏదైనా పడితే మూత వేసిన సందుగ.

“ఇగో, నీ సందుగ. ఇప్పుడు పెట్టుకో బొట్టు.”

“గిప్పుడు మంచిగున్నది,” అని ఆమె మురిసిపోయింది. నేనూ నవ్వాను. ఆ నవ్వు గుర్తొస్తే నా చెంప నేనే వాయించుకోవాలనిపిస్తుంది.

సంక్రాంతి దాటాక పాపకు ఫిట్స్ మొదలయ్యాయి. జ్వరం లేకుండానే. కామారెడ్డిలో పిల్లల డాక్టరు అంతా విని, “మాటలతో తేలదమ్మా. వచ్చినప్పుడు వీడియో తియ్యండి. అది చూశాకే మందు,” అన్నాడు. బిడ్డ కొట్టుకుంటుంటే ఫోన్ ఎత్తి పట్టుకోవడం ఎలా ఉంటుందో ఆయనకు తెలియదు. నేను మూడుసార్లు పట్టుకున్నాను. ఫోన్‌లో చోటు లేక, ఆ మూడు వీడియోలనూ కంప్యూటర్‌లో ఎర్ర గౌను ఫోల్డర్‌లో వేసి ఫోన్‌లోవి తీసేశాను.

డాక్టరు రమ్మన్న రోజు పొద్దున, వాటిని పెన్ డ్రైవ్‌లోకి ఎక్కిద్దామని కూర్చుంటే, తెర మీద ఎర్ర గౌను లేదు.

“సందుగల పెట్టిన బిడ్డా,” అంది అత్తమ్మ, తొణక్కుండా. “మొన్న రామారెడ్డి ఊరి చుట్టాలు వచ్చిండ్రు గద, పాప ఫోటోలు చూపెట్టుమన్నరు. గా ఫిట్స్ వీడియోలు గిట్ల చూస్తే ఊరంత చాటింపేస్తరని దాచిన. మూత గూడ పడ్డది, నేను చూసిన.”

సందుగ మూత తెరిచి ఉంది. లోపల ఏమీ లేదు.

“నేనే ఖాళీ చేసిన వదినె,” అన్నాడు మరిది, పళ్లు తోముకుంటూ. “సిన్మాలు ఎక్కించుకుందామంటే జాగ లేదు. అండ్ల ఏమున్నదో నాకేం ఎర్క?”

“సందుగ అని అమ్మకు చెప్పింది నువ్వే కదా!”

“ఊకె నవ్వులాటకు అన్న. చదువుకున్నదానివి, ఇంకో కాపీ పెట్టుకోవాలె గద?”

అదే నా ఒళ్లు మండించింది. కాపీ పెట్టుకోకపోవడం నా తప్పే, ఆ మాట అనే అర్హత మాత్రం అతనికి లేదు. దుబాయికి ఫోన్ చేస్తే నా భర్త, “వాన్ని ఏమనకు, చిన్నోడు,” అన్నాడు. ఇరవై మూడేళ్ల చిన్నోడు!

పాపను ఎత్తుకుని బస్సెక్కాను. అత్తమ్మ సీపీయూను పాత చీరలో మూటకట్టి ఒళ్లో పెట్టుకుంది. కామారెడ్డిలో రిపేరు దుకాణం అతను గంటసేపు చూసి తల అడ్డంగా ఊపాడు. “పైన సిన్మాలు ఎక్కించిండ్రు గద అక్కా. ఇగ రాదు.”

ఆస్పత్రిలో డాక్టరు చెయ్యి చాపాడు. “వీడియో?”

“పోయాయి సార్,” అన్నాను. అత్తమ్మ ముందుకొచ్చింది. “నేను చూపిస్త సారూ.”

స్టూలు మీద కూర్చుంది. తల మెల్లగా ఎడమకు తిరిగింది. కళ్లు పైకి పోయాయి. ఎడమ బొటనవేలు అరచేతిలోకి ముడుచుకుంది, మోచెయ్యి ఎగిరెగిరి పడింది, పెదవి ఒక పక్కకు లాగింది. నేను ఫోన్ పట్టుకున్న మూడుసార్లూ పాప ఉన్నది ఆమె ఒళ్లోనే. ఆ గదిలో నా బిడ్డను ఆమె ముఖంలో చూడలేక గోడవైపు తిరిగాను.

“ముందు తలా, చెయ్యా?” డాక్టరు కలం పక్కన పెట్టేశాడు.

“తల సారూ. ఎన్కకెల్లి చెయ్యి. ఎప్పటికీ ఎడమదే.”

ఆయన మళ్లీ ఒకసారి చేయించి చూశాడు. పరీక్షలు రాశాడు, మందు మొదలుపెట్టాడు. లేస్తుంటే, “అయినా వీడియో కావాలమ్మా. మళ్లీ వస్తే తియ్యండి,” అన్నాడు.

మళ్లీ వస్తే! ఒకడి సినిమాలకు చోటు కోసం, నా బిడ్డకు మళ్లీ ఎప్పుడొస్తుందా అని నేను ఫోన్ పట్టుకుని కాచుకోవాలి.

ఇంటికి రాగానే మరిది అడిగాడు. “మందు రాసిండట గద? వీడియో లేకున్నా పనాయె. ఉత్తగనే లొల్లి చేసినవ్ వదినె.”

“నీ సినిమాలు కూడా ఆ సందుగలోనే పెట్టుకో తమ్మీ. భద్రంగా ఉంటాయి.”

అతను నవ్వాడు. ఆ మాట తగలనే లేదు.

మర్నాటి నుంచి అత్తమ్మ కంప్యూటర్ దగ్గరికి రాలేదు. పత్తాలాట పెడతానన్నా చేతులు కొంగులోనే ఉంచుకుంది. “నా చేతులతోనే పోయినయి బిడ్డా.” వీడియోలు పోయినదానికన్నా నాకు దీనికే ఎక్కువ కోపం వచ్చింది.

సాయంత్రం సందుగ బొమ్మలు తీసేసి చెత్తబుట్ట పెట్టాను. ఆమెను లాక్కొచ్చి కూర్చోబెట్టి, ఆ చేత్తోనే మౌస్ పట్టించాను. పనికిరాని ఫోటో ఒకటి అందులో వేయించాను. తిరిగి బయటికి తీయించాను. ఆమె రెండుసార్లు వేసింది, రెండుసార్లు తీసింది.

“అండ్ల పడ్డా ఎల్లదీయొచ్చా?”

“ఎవరూ ఖాళీ చెయ్యనంతవరకు తీయవచ్చు అత్తమ్మా.”

ఆమె మౌస్ వదిలింది. తర్వాత, మంచం మీద ఫోన్ చూసుకుంటున్న చిన్నకొడుకు వైపు తిరిగింది.

“మరి ఖాళీ చేస్తే ఇగ రావని నీకు ఎర్కనే గదరా?”