ధర పడలే

మా ఎదురింటి వడ్ల షావుకారు యాభై దాటాక పరుగు మొదలుపెట్టాడు. డెబ్బయ్యో దశకం తొలినాళ్ల సూర్యాపేటలో పెద్దమనిషి ఉరికాడంటే ఇల్లైనా అంటుకొని ఉండాలి, చావు కబురైనా వచ్చి ఉండాలి. ఈయన మాత్రం తెల్లవారగానే ధోతి పైకి దోపుకుని, కోదాడ రోడ్డు మీద నింపాదిగా ఉరికేవాడు. ఎంత నింపాదిగా అంటే, తిరుగు దారిలో వడ్ల బండ్లు కూడా ఆయన్ని దాటిపోయేవి.

మొదట్లోనే చిక్కొచ్చింది. మార్కెట్‌కు వడ్లు తెస్తున్న రైతులు, షావుకారే ఉరుకుతున్నాడంటే ధర పడిపోయిందనుకున్నారు. కంగారుపడి అడ్డికి పావుశేరు లెక్కన అమ్ముకున్నారు. అది తెలిసి ఆయన ఆ పూట అన్నం ముట్టలేదు. పరుగు మాత్రం మానలేదు. మర్నాటి నుంచి ఎదురొచ్చిన ప్రతి బండికీ చెయ్యెత్తి, రొప్పుతూనే కేకేసేవాడు.

"ధర పడలే! ఊకెనే ఉరుకుతున్న!"

"జర మెల్లగ సేటూ, ఎడ్లు బెదురుతయ్!" అని రైతులు నవ్వేవాళ్లు.

ఒక కోతల కాలంలో రాత్రికి రాత్రే నిజంగా ధర కూలింది. ఆ పొద్దున నేను సైకిల్ మీద ఆయన పక్కనే ఉన్నాను. రోజూ వెనక్కి మళ్లే చోటు దాటినా ఆయన ఆగలేదు. బండ్ల వరస కనబడగానే ఎప్పటిలా చెయ్యెత్తాడు గానీ కేక వెయ్యలేదు. ముందు బండి కాడి పట్టుకుని, ఊపిరి కూడదీసుకున్నాడు.

"ఇయ్యాల నిజంగనే పడ్డది. బండ్లు మలుపుండ్రి. జర ఆగి తెండ్రి."

ఆ వడ్లు చవగ్గా కొనుక్కోవాల్సిన షావుకారు ఆయనే.