టైపు టీచరమ్మా, తెరుచుకోని ఆరు తెరలూ

ఊళ్ళో అందరూ ఆవిణ్ణి టైపు టీచరమ్మ అనే పిలుస్తారు. ఇరవై ఆరేళ్ళు కొన్ని వందలమందికి టైపు నేర్పింది. టైపు మిషన్లు మూలపడ్డాక లైబ్రరీవాళ్ళు పిలిచి, ముందు గదిలో ఉన్న ఆరు పాత కంప్యూటర్లు అప్పగించారు. వాటిలో ఉన్నది విండోస్ కాదు, ఉచితంగా దొరికే లినక్స్. యాభై మూడేళ్ళ వయసులో పుస్తకం ముందేసుకుని కూర్చుని, దాని ఆనుపానులన్నీ పట్టేసింది.

ఆ పొద్దున తొమ్మిది గంటలకి ఆరు కంప్యూటర్లకీ స్విచ్చి వేసింది. ఆరూ నల్లగా ఉండిపోయాయి. పేరు, పాస్‌వర్డు అడిగే తెర రానే లేదు. మూల చిన్న గీతొకటి టపటపా కొట్టుకుంటోంది.

టీచరమ్మ నాలిక్కరుచుకుంది. తెర చూడ్డానికి బావుంటుందని నిన్న సాయంత్రం అన్నిట్లోనూ కొత్త డెస్క్‌టాప్ ప్రోగ్రాం ఎక్కించింది తనే మరి!

అంతలో ఓ నర్సు పరుగులాంటి నడకతో వచ్చింది. "టీచరమ్మా, ఆస్పత్రి ఉద్యోగానికి ఆన్‌లైన్లో అప్లికేషన్ పెట్టాలి. పన్నెండింటికల్లా మూసేస్తారట!"

లైబ్రేరియన్ తల గోక్కున్నాడు. "మెకానిక్కి ఫోన్ చేశా. రేపొస్తాడట."

"రేపొచ్చి ఏం చూస్తాడు సార్? ఉండండి!" అని టీచరమ్మ కుర్చీ ముందుకు లాక్కుంది. కంట్రోల్, ఆల్ట్, ఎఫ్ త్రీ కలిపి నొక్కగానే ఉత్త అక్షరాల తెర వచ్చింది. "హమ్మయ్య, ప్రాణం ఉంది!"

వెతికితే సంగతి బయటపడింది. లాగిన్ తెర చూపించే ప్రోగ్రాం ఒకటి ముందునుంచీ ఉంది. కొత్త డెస్క్‌టాప్ తనతోపాటు ఇంకోదాన్ని వెంటబెట్టుకొచ్చింది. అదేమో ఈ పాత కంప్యూటర్ల మీద నడవడం లేదు. ఆవిడ కొత్తదాన్ని ఆపేసి, పాతదాన్ని మొదలుపెట్టమని చెప్పి, మళ్ళీ స్టార్ట్ చేసింది.

మళ్ళీ నలుపే.

"పదిన్నరైంది," నర్సు గోడ గడియారం చూపించింది.

టీచరమ్మకి పట్టుదల పెరిగింది. పిల్లల టైపు కాగితాల్లో తప్పులు పట్టినట్టే, మెషీన్ రాసుకున్న చిట్టా వరసన చదవసాగింది. ఓ చోట ఆగి, బల్ల మీద ఒక్క చరుపు చరిచింది. "దొరికింది! సెట్టింగుల ఫైల్లో ఇంకా కొత్తదాని పేరే ఉంది సార్. ఆ పేరు చూసి పాతది నాకెందుకులే అని తప్పుకుంటోంది. కొత్తదాన్నేమో నేనే ఆపేశాను. ఇంక తెర చూపించేదెవరు?"

"అయితే ఇప్పుడెలా?"

"నిన్న ఎక్కించేటప్పుడు ఏది కావాలని అడిగింది. నేను చూడకుండా ఎంటర్ కొట్టేశా. ఆ ప్రశ్న మళ్ళీ అడిగిస్తా!"

ఆదేశం కొట్టింది. రెండు పేర్లతో చిన్న పెట్టె వచ్చింది. ఈసారి ఒక్కో అక్షరం చదివి పాతదాన్ని ఎంచుకుని, మళ్ళీ స్టార్ట్ చేసింది. నీలం తెర విచ్చుకుంది! పేరు రాసుకునే గడి మధ్యలో నిలిచింది.

"వచ్చేసింది!" నర్సు గంతేసింది. లైబ్రేరియన్ గోడకి తనే తగిలించిన నిశ్శబ్దం బోర్డు మరిచిపోయి చప్పట్లు కొట్టాడు.

పదకొండుంబావుకి అప్లికేషన్ వెళ్ళిపోయింది. ఈలోపు టీచరమ్మ మిగతా అయిదింటి మీదా పడింది. ఒక్కోదానికి నాలుగు నిమిషాలు! చివరిది వెలిగాక చెమట తుడుచుకుంటూ నవ్వింది.

"సార్, స్టోర్ రూములో పాడైపోయాయని పడేసిన మూడు మెషీన్లున్నాయి కదా, వాటి తాళం ఇలా ఇవ్వండి."