సన్నగొంతు ఆయన

అరవైల మధ్యలో నేను మద్రాసులో ఒక సినిమా వారపత్రికలో పనిచేసేవాడిని. పేరున్న నటులను కలిసి మాట్లాడి, ఆ మాటలను వారానికో పేజీ రాయడం నా పని. ఆ పేజీ బాగా నడిచింది. దానితో పాటే నాకు నిర్లక్ష్యమూ పెరిగింది. పెద్ద నటుణ్ని మూడు ప్రశ్నలు అడిగితే చాలు, తక్కినదంతా ఆయనే చెప్పుకుంటాడని ఆఫీసులో కుర్రాళ్లకు పాఠం చెప్పేవాడిని.

ఒకరోజు సంపాదకుడు పిలిచి, "మీ అనంతపురం వైపు నాటకాల్లో ఇద్దరు హాస్యగాళ్లు జంటగా వేసేవాళ్లు. ఒకాయనది సన్నగొంతు, ఆడవేషాలు. ఇంకొకాయనది బొంగురు గొంతు. బొంగురు గొంతు ఆయన పోయి పదేళ్లయింది, మన పత్రికలోనే వేశాం. సన్నగొంతు ఆయన ఉన్నాడట. వెళ్లి రాసుకురా" అన్నాడు. గుమాస్తా పాత కాగితాలు వెతికి పేరూ ఊరూ చీటీ మీద రాసిచ్చాడు. అంతకుమించి నేనేమీ చూడలేదు. మాది కళ్యాణదుర్గం దగ్గరే అయినా, ఆ జంట నాటకం ఒక్కటి కూడా నేను చూడలేదు.

కదిరిలో బస్సెక్కి నల్లమాడలో దిగి, అక్కణ్నుంచి నడిచాను. వరసగా మూడో ఏడు వానలు లేవు. చెనక్కాయ చేలు మొలకెత్తకుండానే గట్టిపడి ఉన్నాయి. ఊళ్లోకి వచ్చేసరికి నడిమధ్యాహ్నం. సగం ఇళ్లకు గుమ్మానికడ్డంగా ముళ్లకంపలు పెట్టి ఉన్నాయి. కూలి వెతుక్కుంటూ బెంగళూరు వైపు వెళ్లిపోయిన వాళ్ల ఇళ్లవి. ఒక్క కుక్క కూడా మొరగలేదు. నా చెప్పుల చప్పుడు నాకే వినబడుతుంటే, ఊరిలోకి కాక ఊరు లేచిపోయిన చోటుకి వచ్చినట్టు అనిపించింది.

చీటీలో ఉన్న ఇల్లు ఒక మట్టిమిద్దె. అరుగు మీద ముసలాయన ఒక్కడే కూర్చుని ఉన్నాడు. లోపల ఎవరో చేటతో రాగులు చెరుగుతున్నారు.

"యాడ నుంచప్పా?" అన్నాడు. గొంతు గరగరలాడింది. వయసు వల్ల అనుకున్నాను.

నేను పత్రిక పేరు చెప్పి, చీటీలోని పేరు చదివి, "మీరే కదండీ?" అన్నాను.

ఆయన నా చేతిలోని చీటీ వైపు చూశాడు. గుమ్మం వైపు ఒకసారి తిరిగి చూశాడు. తర్వాత కాళ్లు మడిచి, వీపు నిటారుగా పెట్టి, కొంగు సర్దుకుంటున్నట్టు భుజం మీద తువ్వాలు సర్దుకున్నాడు.

"అడుగప్పా" అన్నాడు.

ఆ మాట సన్నగా వచ్చింది. గొంతు సవరించుకున్నాడని అనుకుని నేను పుస్తకం తెరిచాను.

"మొదటిసారి వేషం ఎప్పుడు కట్టారు?"

"పదేండ్లప్పుడు. మా నాయన కొడతాడని గడ్డివాములో దాక్కోనుంటే నాటకం కంపెనీవాళ్లు ఎత్తకపోయినారు. స్టేజీ మీద నిలబెడితే భయంతో ఆడపిల్ల మాదిరి ఏడిస్తి. జనం నవ్విరి. అదే నా వేషమయ్యె."

లోపల చేట చప్పుడు ఆగిపోయింది. ఆగిన సంగతి నాకు తెలిసింది. ఎందుకాగిందో ఆలోచించలేదు.

"మీ జతగాడు ఎలాంటి మనిషి?"

"మంచోడే. మొండోడు. నా అద్దం వాడుకునేటోడు, ఒక్కనాడూ తుడిచి పెట్టలా."

ఎదురింటి నీడలో ముగ్గురు నలుగురు వచ్చి నిలబడ్డారు. హాస్యగాడు మాట్లాడుతుంటే ఒక్కరూ నవ్వడం లేదు. ఒక ముసలాయన తలగుడ్డ తీసి చేతిలో పట్టుకున్నాడు. అయినా మూడో ప్రశ్న అడిగాను.

"ఆయన పోయినప్పుడు మీకేమనిపించింది?"

ఆయన తన చేతులను తిప్పి తిప్పి చూసుకున్నాడు, అవి ఎవరివో అన్నట్టు.

"వాడు పోయినాడని మొదట తెలీనే లేదప్పా. మనిషి తిరగతానే ఉండె, తింటానే ఉండె. పేపర్లో మాత్రం పోయినాడని పడె. ఆ పొద్దు నుంచి వాణ్ని ఎవురూ వేషానికి పిలవలా. జతలేని హాస్యగాడు ఎవురికి కావల్ల? అట్ల మెల్లగా పోయినాడు."

నేను అది కూడా రాసుకున్నాను. తల ఎత్తేసరికి గుమ్మంలో ఒక ముసలామె నిలబడి ఉంది. చేతులకు రాగుల పొట్టు అంటుకుని ఉంది. నన్ను చూడలేదు. ఆయన ముఖం కూడా చూడలేదు. గొంతు వచ్చే చోటును చూస్తున్నట్టుగా చూసింది.

"ఏమయ్యా" అంది. "ఆ నాటకాల క్యాంపులో నువ్వు ఆకలితోనే పోయినావా?"

ఆయన నోరు తెరిచాడు. అదే సన్నగొంతు వచ్చింది.

"లేదు మే. గొర్రెల కాపరామె ఒకతె సంగటి ముద్ద పెట్టె. మీద ఉలవచారు పోసె. కడుపు నిండా తిని పడుకుంటి."

ఆమె తల ఊపింది. కొంగుతో చేతులు తుడుచుకుని నా వైపు తిరిగింది.

"నువ్వు పట్టుకొచ్చిన పేరు మా ఇంటాయనది. ఆయన పోయి పదేండ్లాయ. ఈయన ఆయన జతగాడు. ఎవురూ లేనోడని మా ఇంట్లోనే పెట్టుకోనుండా. మీ పేపరోళ్లు అప్పుడు ఒకరు పోతే ఇంకొకర్ని చంపిరి."

నేను పుస్తకం మూసేశాను. మద్రాసులో నేర్చిన మర్యాద మాటలేవీ నోటికి రాలేదు. "తప్పయిపోయింది పెద్దాయనా" అన్నాను.

ఆయన ఏదో చెప్పబోయాడు. సన్నగానే వచ్చింది. ఆపేసి, గొంతు పట్టుకుని, మళ్లీ ప్రయత్నించాడు. మళ్లీ సన్నగానే వచ్చింది. అప్పుడు ఆయన కళ్లలో నేను చూసిన భయం వేషం కాదు. ఆమె చెంబుతో నీళ్లు తెచ్చింది. చెంబెడు నీళ్లూ తాగి, చెంబు అరుగు మీద పెట్టాడు. ఎదురింటి నీడలోని వాళ్లు కదలలేదు.

చివరికి గరగరమని సొంత గొంతు వచ్చింది. "తప్పేం లేదప్పా. నువ్వు ఆయన్ని అడిగినావు, ఆయన్నే కూకోబెట్టినా. మళ్లీ వచ్చేటప్పుడు ఎవురికోసం వస్తాండావో తెలుసుకోని రా."

కోప్పడలేదు, వెళ్లిపొమ్మనీ అనలేదు. ఎవరైనా నన్ను తిట్టి తరిమినా అంత సిగ్గుపడేవాడిని కాను. నల్లమాడ దాకా వెనక్కి తిరిగి చూడకుండా నడిచాను.

పది రోజులు సెలవు పెట్టి ధర్మవరం, అనంతపురం, మడకశిర తిరిగాను. వాళ్ల నాటకాలు చూసినవాళ్లను, హార్మోనియం వాయించినవాళ్లను, తెరలు కట్టినవాళ్లను వెతికి పట్టుకుని ఒక నోటుపుస్తకం నింపాను. రెండు నెలల తర్వాత మళ్లీ ఆ ఊరు వెళ్లాను. ఈసారి ఆయన పేరు పెట్టి పిలిచాను. ఎవరో పిలుస్తారని ఎదురుచూస్తున్నవాడిలా "ఆ" అన్నాడు. మధ్యాహ్నమంతా తన గొంతుతోనే తన కథ చెప్పాడు. నేను పొరబడిన చోట దిద్దాడు. రెండుసార్లు నేను పగలబడి నవ్వాను.

ఆమె నీళ్లకు బయటికి వెళ్లినప్పుడు, ఆపుకోలేక అడిగాను. "ఆ క్యాంపులో చివరిరోజు మీరు ఆయన పక్కనే ఉన్నారా?"

"లేను" అన్నాడు. "జరమొచ్చి కళ్యాణదుర్గంలో పడుంటి. ఆయన ఏం తినె, తినకపాయె, నాకెవురూ చెప్పలా."

"మరి ఆ రోజు ఆమెకు చెప్పింది?"

ఆయన అరుగు అంచున గోటితో మట్టి గీరాడు.

"ముందు మూడు జవాబులూ నేను చెప్పినవే. నిన్ను ఆడించాలని చెప్పినా. నాలుగోది నేను చెప్పలేదప్పా. నోరు తెరిస్తి, వచ్చె. అంతే." గుమ్మం వైపు చూసి గొంతు తగ్గించాడు. "పదేండ్లు ఆయమ్మ రాత్రిపూట ముద్ద ముట్టలా. ఆ పొద్దు నుంచి తింటాంది. ఈ మాట ఆయమ్మకు తెలియకూడదు. నువ్వు రాయగాకు."

రాయనన్నాను. ఆ వారం పత్రికలో ఆయన పేరుతో ఆయన కథ వచ్చింది. పదేళ్ల కిందటి పొరపాటుకు దిద్దుబాటు కూడా అదే పేజీలో వేయించాను. ఆ తర్వాత ఒక చిన్న వేషానికి ఆయనకు పిలుపు వచ్చిందనీ, వెళ్లి వేసి వచ్చాడనీ విన్నాను. సన్నగొంతు సంగతి మాత్రం సంపాదకుడికి కూడా చెప్పలేదు. ఇప్పుడు ఆ ముసలాయనా లేడు, ఆమె కూడా లేదు. అందుకే ఇన్నాళ్లకు ఇక్కడ రాస్తున్నాను.