ఏ పచ్చ?

అతన్ని అందరూ కంచె బాబాయి అంటారు. ఏడాది పొడవునా ఆకు రాల్చకుండా, ఎరుపూ ఊదా పసుపూ కలబోసుకుని ఇంటి చుట్టూ గోడలా నిలబడే పొదలు పెంచి అమ్మడం అతని పని. మొక్కలతో ప్రేమగా మాట్లాడితే ఏపుగా పెరుగుతాయటగా అని ఎవరైనా అంటే, "మాట్లాడండి, నీళ్లు కూడా పొయ్యండి" అనేవాడు.

ఓ ఏడు మామూలు ఆకుపచ్చ పొద ఒకదానికి నిమ్మపండు రంగు కొమ్మ పుట్టింది. అలాంటిది చుట్టుపక్కల ఏ తోటలోనూ లేదు. ఆ కొమ్మనంతా ముక్కలు చేసి, ఇసుకలో గుచ్చి, కంటికి రెప్పలా చూసుకుని ఓ వరస మొక్కలు చేశాడు. ఈ రకానికో పాడు బుద్ధి ఉంది. సందు దొరికితే పాత రంగుకి తిరిగిపోతుంది. ఆకుపచ్చ చిగురు బలంగా లేచి పసుపుదాన్ని మింగేస్తుంది. కనిపించగానే మొదలంటా కోసెయ్యాలి. ఆ పని అతను ఎవరికీ అప్పజెప్పేవాడు కాదు.

భర్త పోయాక అతని అక్క తోటకి రావడం మొదలుపెట్టింది. గోడలు చూస్తూ కూర్చోలేనంది. ఎర్రాకు పొదల కత్తిరింపు ఆమెది. ఆమె కత్తెర పడితే దారం పట్టి కోసినట్టుండేది.

ఒకసారి అతనికి నడుం పట్టేసి నెల్లాళ్లు మంచం దిగలేకపోయాడు. ఫోన్ చేసి, "కొత్త వరసలో పచ్చకొమ్మలన్నీ కోసెయ్యక్కా, ఒక్కటీ ఉంచకు" అన్నాడు.

లేచి వెళ్లేసరికి వరసలో మిగిలినవన్నీ నవనవలాడుతూ ఆకుపచ్చగా ఉన్నాయి. పసుపు కొమ్మలన్నీ కోసేసింది అక్క. పూర్తిగా పసుపెక్కిన మొక్కల్ని వేళ్లతో సహా పీకేసింది. కోసినవన్నీ ఎరువు గుంతలో కుళ్లిపోతున్నాయి.

"పచ్చవే కదరా కొయ్యమన్నావు," అంది అక్క. "రోగమనుకున్నా. పచ్చకామెర్లొచ్చినప్పుడు మీ బావ కళ్లు ఆ రంగులోనే ఉన్నాయి."

అక్కడ ఆగినా సరిపోయేది. పనివాళ్లందరూ చూస్తుండగా అతను, "నువ్వు ముట్టుకున్నదేదైనా బతికిందా?" అన్నాడు.

ఆమె కత్తెరని కొంగుతో తుడిచి బల్ల మీద పెట్టి వెళ్లిపోయింది. మళ్లీ తోటకి రాలేదు. తమ్ముడితో మాటలు మానలేదు. మొక్కల ఊసు మాత్రం ఎత్తదు. కాలమే మందని చెప్పేవాళ్లని అతను చాలా ఏళ్లు నమ్మాడు. ఆ మందు పనిచెయ్యలేదు. తల్లి పొద కూడా మళ్లీ పసుపు కొమ్మ వెయ్యలేదు. ఇప్పుడు పనివాళ్లకి ఏం చెప్పినా ఆకుపచ్చ, పసుపుపచ్చ అని నిండుగా పలుకుతాడు. బాబాయి పాఠం అప్పజెబుతున్నాడని వాళ్లు చాటున నవ్వుకుంటారు.

మొన్న ఆ కత్తెరకి సానపట్టించి, నూనె రాసి, అక్క ఇంటికి తీసుకెళ్లాడు. ఆమె టీ ఇచ్చి ఎదురుగా కూర్చుంది.

"తప్పు ఆ మాటదక్కా," అన్నాడు. "రెండింటినీ పచ్చే అనేస్తాం. నేను విడమర్చి చెప్పాల్సింది."

"ఏ పచ్చరా అని నేనూ అడగాల్సింది. అది ఎప్పుడో మర్చిపోయాను. మర్చిపోనిది రెండో మాట."

ఏ మాట అని అతను అడగలేదు. దారి పొడవునా రంగుల గురించి వల్లె వేసుకుంటూ వచ్చాడు. దీనికి ఏమీ సిద్ధం చేసుకోలేదు. "ఆ పూట నా నోటికి..." అని మొదలుపెట్టి ఆగిపోయాడు.

"టీ చల్లారిపోతోంది," అంది అక్క.

అతను లేచినప్పుడు కత్తెర తీసి తిరిగి అతని చేతిలో పెట్టింది. "పట్టుకెళ్లు. ఇక్కడుంటే తుప్పు పడుతుంది."