నీళ్లకు పంచె కట్టిన ఇల్లు

మొన్న మార్కాపురంలో మా మనవరాలు చదివే సర్కారు ఎలిమెంటరీ బడిలో కొత్తగా సైన్సు గది తెరిచినారంటే, మోకాళ్ల నొప్పి ఓర్చుకొని నేనూ పోయి చూసి వచ్చినాను. ఉల్లిపాయ పొరను తెరమీద తాంబాళమంత చేసి చూపిస్తుంటే, నా మనసు మాత్రం తర్లుపాడు దగ్గరి మా పల్లెకు, మా బడి అరుగు మీదికి పోయింది.

అప్పట్లో మాది కర్నూలు జిల్లా. రాష్ట్రం ఏర్పడిన కొత్త. పిల్లలకు సైన్సును చేతులతో చేయించి నేర్పాలని ఎంచుకున్న కొద్ది బళ్లలో మాదీ ఒకటని, కోస్తా వైపు నుంచి ఒక అయ్యవారిని, ఆయనతో పాటు ఒక చెక్కపెట్టెను పంపినారు. పెట్టెలో అయస్కాంతం, గాజు గొట్టాలు, ఒక భూతద్దం ఉండేవి. ఊరు మా బడిని సైన్సు బడి అనేది, సగం గొప్పగా, సగం ఎగతాళిగా.

నా ఈడు వాళ్లకు నారికురుపు సంగతి చెప్పక్కరలేదు. కాలి మడమ దగ్గర బొబ్బ లేచి, అది పగిలి, దారంలాంటి పురుగు బయటికి వస్తే, దాన్ని పుల్లకు చుట్టి రోజుకింత లాగుతూ నెలల తరబడి మంచంలో పడి ఉండాల్సిందే. ఆ ఏడు మా నాయనకు సరిగ్గా విత్తనాల వేళకే వచ్చింది. వాన పడినా గొర్రు తోలేవాడు లేక చేను బీడు పడింది. అమ్మవారి కోపమని మా అవ్వ మొక్కుకుంది.

చలికాలంలో ఒకనాడు అయ్యవారు మమ్మల్ని దిగుడుబావికి తీసుకుపోయి, గాజు గ్లాసులో నీళ్లు ముంచి, ఎండకు ఎత్తి పట్టి భూతద్దం ఇచ్చినాడు. తెల్లటి నలుసులు ఎగిరెగిరి పడుతున్నాయి. కురుపు ఉన్నవాళ్లు బావిలో కాలు పెడితే ఆ పురుగు పిల్లలు నీళ్లలో పడతాయని, వాటిని ఈ నలుసులు మింగుతాయని, ఈ నలుసులను మనం తాగుతామని, మన ఒంట్లో ఆ పురుగు పెరిగి బయటపడడానికి ఏడాది పడుతుందని చెప్పినాడు. చిరుగులు లేని గుడ్డను మడతలు వేసి వడగడితే చాలన్నాడు.

ఇంటికి పోయి అవ్వకు చెప్పినాను. మా ఇంట్లో నీళ్ల కుండ మీద అధికారమంతా ఆమెదే.

“నా కండ్లకు పొర కమ్మింది, నాకేం కనపడతాది? నువ్వు చూసినావా?” అంది.

చూసినానన్నాను.

“కదులుతున్నాయా?”

కదులుతున్నాయన్నాను. ఇంకేమీ అడగకుండా లేచి, నాయన పెండ్లిండ్లకు కట్టుకోవాలని ట్రంకులో దాచుకున్న కొత్త పంచె తీసి, చించి కుండ మూతికి కట్టింది. బావికాడ ఆడవాళ్లు నవ్వినారు. నీళ్లకు పంచె కట్టిన ఇల్లని మాకు పేరే పెట్టినారు.

వేసవి వచ్చింది. అన్ని నెలలు వడగట్టి తాగినా మా అమ్మకు కురుపు లేచింది. ఇక ఆ నవ్వులకు అడ్డు లేకపోయింది. అప్పుడే అయ్యవారికి బదిలీ అయింది. పోయే ముందు మా ఇంటికి వచ్చి, మంచంలో ఉన్న అమ్మను చూసి, గడప దగ్గరే నిలబడిపోయినాడు.

“ఇది పోయినేడు తాగిన నీళ్లదమ్మా. ఆపొద్దు, ఇంకొక్క ఏడాది చూడండి” అన్నాడు. ఆ గొంతులో ధైర్యం లేదు.

“ఏందయ్యా, నేను ఆపుతానని ఎవరు చెప్పినారు?” అంది అవ్వ.

మరుసటి వేసవికి ఊళ్లో ఇంటికొకరు మంచమెక్కినారు. మా ఇంట్లో ఎవరికీ రాలేదు. నాయన తొలివానకే గొర్రు కట్టినాడు. నవ్విన ఆడవాళ్లే ఒక్కొక్కరూ వచ్చి, గుడ్డ ఎన్ని మడతలు వేయాలని అవ్వను అడిగి పోయినారు.

ఇప్పుడు ఆ బావిని పూడ్చేసినారు, తాగే నీళ్లు డబ్బాల్లో ఇంటికే వస్తున్నాయి. నారికురుపంటే ఏమిటని మనవరాలు అడిగితే, తెలియకపోవడమే మంచిదిలే అన్నాను. పోయిన రోజుల్లో అదొక్కటీ నాకు తిరిగి రావద్దు. కానీ ఆ అయ్యవారిది ఏ ఊరో, ఎక్కడికి బదిలీ అయినాడో మాకెవరికీ తెలియదు, అడిగి ఉంచుకోవాలన్న ఆలోచన కూడా అప్పుడు రాలేదు. మా ఊరికి తాను చేసిందేమీ లేదనుకుంటూనే ఆ మనిషి బస్సెక్కి పోయినాడు.