లాఇలాజ్

పోయిన శనివారం బాన్సువాడలో, మా అక్క కొడుకు చదివే బడిలో తల్లిదండ్రుల సమావేశం. గదిలో ఆరు బల్లలు, ఒక ఫ్యాను, మార్కుల కాగితాల కట్ట. మనుషులు: తొమ్మిది మంది తల్లిదండ్రులు, ఒక కుర్ర టీచరు, నాట్ల పని ఉండి రాలేకపోయిన అక్క బదులు నేను. ఒక పిల్లవాడి పేరు రాగానే టీచరు "వాడు లాఇలాజ్" అన్నాడు. అందరూ నవ్వారు. నాకు ఒళ్లు మండింది.

లా అంటే లేదు, ఇలాజ్ అంటే వైద్యం. అరబ్బీ నుంచి ఉర్దూకు, ఉర్దూ నుంచి మన నోళ్లకు వచ్చిన మాట. రోగానికి పుట్టిన ఆ మాటను పదేళ్ల పిల్లకు అంటగట్టడం మా ఇంట్లోనే చూశాను.

అక్క నాలుగో తరగతి దాకా మహారాష్ట్రలో, అమ్మమ్మ ఊళ్లో, మరాఠీ బడిలో చదివి ఐదుకు మా బడికి వచ్చింది. మరాఠీ నాలుగు ఇక్కడి ఎనిమిదిలా, మరాఠీ ఒకటి ఇక్కడి తొమ్మిదిలా కనిపిస్తుంది. ఇక్కడి అంకెలు నేర్చుకున్నా, పరీక్ష తొందరలో ఆమె చెయ్యి పాత అలవాటుకే పోయేది. ఇదేమిటని లెక్కల సారు ఒక్కనాడూ అడగలేదు. ఎర్ర సిరాతో కొట్టేసి, బాపును పిలిపించి, నీ బిడ్డ లాఇలాజ్ అని చెప్పాడు.

బాపు అటువంటి మాట అంతకు ముందు ఒక్కసారే, దవాఖానలో నానమ్మ మంచం పక్కన విన్నాడు. ఇక ఇలాజ్ లేదని డాక్టరు అనగానే నానమ్మను ఇంటికి తీసుకొచ్చేశాడు. అక్కనూ అలాగే చెయ్యి పట్టుకొని తీసుకొచ్చాడు. మళ్లీ బడికి పంపలేదు.

ఇప్పటికీ అక్క ఎగతాళి చేస్తుంది: "తమ్మీ, గా సారును బాపు డాక్టరనుకున్నడు. రెండు గోలీలన్న రాసియ్యకపాయె."

బాపు తల దించుకుంటాడు. నా కోపం బాపు మీద కాదు.

స్లేటు పోయింది, బెత్తం పోయింది, మార్కులు ఫోనుకే వస్తున్నాయి. ఆ మాట మాత్రం కొత్త నోళ్లలో హాయిగా బతుకుతోంది. నేను పాలిటెక్నిక్‌లో చేరిన ఏడాది, బాపు దాచి ఉంచిన అక్క పరీక్ష పేపరు దొరికితే, మరాఠీ అంకెలు పక్కన రాసుకొని ఒక్కొక్కటీ మళ్లీ దిద్దాను.

మొత్తం లెక్కలు ఇరవై. సారు ఒప్పన్నవి ఆరు. ఒప్పులు పద్దెనిమిది.