లెక్క తేలకముందే

మా కోడలు పైపుల కంపెనీలో అకౌంటెంటు. నెలాఖరు వచ్చిందంటే ఇంట్లో మాటలు కూడా రద్దు. చెప్పులు విడిచి సోఫాలో కూలబడితే, పిల్ల వచ్చి ఒళ్లో వాలినా కళ్లు తెరిచే ఓపిక ఉండదు. పెళ్లినాటి నుంచీ ఇదే తంతు.

ఈమధ్య ఆమెకు మేనేజరు కావాలన్న కోరిక పుట్టింది. తప్పేముంది? తన దగ్గర పని నేర్చుకున్నవాడే ఎంబీఏ చేసొచ్చి, ఇప్పుడు తన సెలవుకు అనుమతి ఇస్తున్నాడు. ఎవరికైనా కడుపు మండుతుంది.

పోయిన ఏడు అలాంటి కుర్చీ ఒకటి ఖాళీ అయితే ఇంటర్వ్యూకు వెళ్లింది. కంపెనీ పెద్దాయన అడిగింది ఒక్కటే. "వచ్చే ఏడు కొత్త గోడౌను తీసుకుందామా, వద్దా?" ఈమె పాత గోడౌన్ల ఖర్చులన్నీ గుక్క తిప్పుకోకుండా అప్పజెప్పింది.

"అది సరేనమ్మా, తీసుకుందామా వద్దా?"

"ఈ ఏడు లెక్కలు తేలాక చెబుతానండి" అన్నది. ఆయన నవ్వి, టీ తెప్పించి, పంపించేశాడు.

అప్పటి నుంచి ఒకటే మథనం. ఆదివారాలు నడిచే ఎంబీఏలో చేరాలా, వద్దా? మా అబ్బాయిని అడిగితే "నీ ఇష్టం" అన్నాడు. వాడికి తెలిసిన సలహా అదొక్కటే. పెద్దాయన "చేయండి, చూద్దాం" అన్నాడు. చివరికి నన్నూ అడిగింది.

"చదివితే కుర్చీ ఇస్తారా?" అన్నాను.

"ఖాయం కాదత్తయ్యా."

"మరి ఉన్న ఒక్క ఆదివారం ఎందుకు పాడుచేసుకోవడం?"



చేరేముందు ఒకసారి పాఠం విని చూడమన్నారు కాలేజీవాళ్లు. వెళ్లి, సాయంత్రం మొహం వేలాడేసుకుని వచ్చింది. ఏదో బిస్కెట్ల కంపెనీ సంగతి చెప్పి, సగం అంకెలే ఇచ్చి, దాన్ని ఉంచాలో అమ్మాలో గంటలో తేల్చమన్నారట. అందరూ ఏదో ఒకటి తేల్చారు. ఈమె మాత్రం ఏయే అంకెలు ఇవ్వలేదో రాసిచ్చి వచ్చింది.

"అమ్మమనో వద్దనో అంటే నోటి ముత్యాలు రాలిపోతాయా?"

"తప్పయితే?"

"కూర మాడిందని నేను వంట మానేశానా?"

"మాడింది తినేది మేం కదా అత్తయ్యా" అన్నది. ఒళ్లు ఎంత అలిసినా ఆ నోరు అలవదు. మళ్లీ తనే, "నాకు రానిది అదే. వాళ్లు నేర్పేదీ అదే" అన్నది.

మరుసటి వారం ఆఫీసు నుంచి వచ్చి, నిలబడే చెప్పింది. "చేరిపోయాను. ఫీజు కట్టేశాను."

"ఆదివారం వంట, పిల్ల సంగతి?"

"తెలియదు."

"నన్నొక మాట అడిగావా?"

"అడిగితే మీరు మోకాళ్ల నొప్పులు ఏకరువు పెడతారు. అన్నీ తేలేదాకా ఆగితే నేను రిటైరైపోతాను. మీరు చూసుకుంటారో లేదో తెలియకుండానే చేరాను."

నాకు ఒళ్లు మండింది. అడగకుండా పని పురమాయించడానికి నేనేమన్నా వాళ్ల ఆఫీసు గుమాస్తానా? నాలుగు తిడదామని చూస్తే, బ్యాగు భుజం మీదే ఉంది. నేను కాదంటే ఫీజు తిరిగి తెచ్చుకోవడానికి పరిగెత్తేలా ఉంది.

"ఆ బ్యాగు దించు ముందు. ఆదివారం ఒక్క కూరే వండుతాను. పిల్లకు జడ వెయ్యడం నా వల్ల కాదు, మీ ఆయనకు అప్పగించు."

బ్యాగు దించి సోఫాలో కూలబడింది.

"సరిగ్గా వేస్తారంటారా?"

"వెయ్యడు" అన్నాను.